మంచం నుంచి గడప దాకా

మహబూబాబాద్ జిల్లాలో గూడూరు దాటి అడవి వైపు పోయే దారిలో ఒక తండాను ఊహించుకుందాం. తెల్లవారుజామున రొట్టెల పిండి కలుపుతున్న యాభై ఎనిమిదేళ్ల అవ్వ చేతిలోంచి చెంబు జారిపడింది. మూతి ఎడమ పక్కకు వంకరపోయింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. కొడుకు "యాడీ" అని పిలిస్తే కళ్లెత్తి చూసింది గానీ పలకలేకపోయింది. గాలి సోకిందన్నారు ఒకరు. పసరు పోయిద్దామన్నారు ఇంకొకరు. ఆటో మాట్లాడుకుని జిల్లా కేంద్రం మానుకోటకు, అక్కడి నుంచి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న నాలుగున్నర గంటల గడువు దారిలోనే అయిపోయింది.

అయినా అవ్వ బతికింది. పదో రోజున డిశ్చార్జి చేశారు. చేతిలో మందుల చీటీ, దాని అడుగున "ఫిజియోథెరపీ చేయించాలి" అన్న ఒక్క వాక్యం. ఇంటికి తెచ్చి నులక మంచం మీద పడుకోబెట్టారు. ఆ మంచానికీ ఇంటి గడపకూ మధ్య ఏడు అడుగులు.

ఈ అవ్వ నేను కల్పించిన మనిషి. కానీ ఆ మంచం, ఆ చీటీ, ఆ ఏడు అడుగులు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరికి పోయినా కనిపిస్తాయి. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో ఏం చేయాలన్నది వేరే చర్చ. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక వచ్చే నెలలు, ఏళ్ల గురించి ఈ అధ్యాయం. మనిషి మళ్లీ తన కాళ్ల మీద నిలబడటమా, మంచానికే అంటుకుపోవడమా అన్నది చాలావరకు తేలేది ఆ కాలంలోనే.

చచ్చిన కణాలు, మూగబోయిన కణాలు

మెదడు ఎడమ సగం నుంచి బయలుదేరిన నరాల తీగలు మెడకు కాస్త పైన, మెదడు కాండం అడుగున, ఎక్కువ భాగం కుడి వైపుకు దాటుకుంటాయి. అందుకే ఎడమ మెదడుకు రక్తం అందకపోతే కుడి చెయ్యి పడిపోతుంది. చాలామందిలో మాటకు సంబంధించిన భాగాలు కూడా ఎడమ వైపే ఉంటాయి కాబట్టి కుడి పక్క పడిపోయినవారిలో మాట కూడా పోవడం తరచుగా చూస్తాం.

రక్తం పూర్తిగా ఆగిన చోట కణాలు నిమిషాల్లోనే చచ్చిపోతాయి. అవి తిరిగిరావు. కానీ చుట్టూ ఉన్న కణాల్లో కొన్ని చావవు, మూగబోతాయి. వాపు వల్ల కొన్ని పనిచేయవు. దూరంగా ఉన్నా, చచ్చిన భాగం నుంచి రావాల్సిన సంకేతాలు ఆగిపోయినందువల్ల ఇంకొన్ని స్తబ్ధంగా ఉండిపోతాయి. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాని మీద ఆధారపడ్డ మోటార్లన్నీ ఆగుతాయి గానీ ఆ మోటార్లు చెడిపోలేదు కదా. తొలి రోజుల్లో, వారాల్లో కనిపించే మెరుగుదలలో కొంత ఈ మూగబోయిన కణాలు తేరుకోవడం వల్ల వచ్చేదే. ఏ మందూ వేయకపోయినా ఇది కొంత జరుగుతుంది. పసరుకూ, తాయెత్తుకూ పేరొచ్చింది ఇక్కడే. మెదడు తనంతట తాను తేరుకుంటున్న వారంలో ఏం పోసినా, ఏం కట్టినా అదే బాగుచేసినట్టు అనిపిస్తుంది.

తర్వాత మొదలయ్యేది రెండో రకం కోలుకోవడం. బతికి ఉన్న భాగాలు పోయిన భాగం పనిని నేర్చుకోవాలి. రాండాల్ నూడో బృందం 1996లో చిన్న జాతి కోతుల మీద చేసిన ప్రయోగం ఈ సంగతిని కళ్లకు కట్టింది. చేతి వేళ్లను కదిలించే మెదడు భాగంలో కొద్దిగా దెబ్బ తగిలేలా చేసి, ఆ చేత్తోనే చిన్న గుంటల్లోంచి తిండి ఏరుకోవడం కొన్ని కోతులకు నేర్పారు. అభ్యాసం చేసిన కోతుల్లో చుట్టుపక్కల మోచేతికీ, భుజానికీ చెందిన మెదడు భాగాల్లోకి వేళ్ల పటం విస్తరించింది. అభ్యాసం లేని కోతుల్లో, దెబ్బ తగలకుండా మిగిలిన వేళ్ల భాగం కూడా కుంచించుకుపోయింది. వాడితే పెరిగింది, వాడకపోతే ఉన్నదీ పోయింది.

మనిషిలో దీనికి ఇంకో మెలిక ఉంది. కుడి చెయ్యి లేవకపోతే అవ్వ ఎడమ చేత్తో తింటుంది, ఎడమ చేత్తో కొంగు సర్దుకుంటుంది. కొన్ని వారాలకు కుడి చేతిలో కాస్త సత్తువ వచ్చినా దాన్ని వాడాలన్న ఆలోచనే మెదడుకు రాదు. వాడకపోవడం అలవాటైపోతుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త ఈ అలవాటును గుర్తించి, దాన్ని విరిచే పద్ధతి కనిపెట్టాడు. మంచి చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించడమే ఆ పద్ధతి. 2006లో అమెరికాలో 222 మందితో చేసిన పరీక్షలో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలు గడిచినవారు కూడా రెండు వారాల ఈ సాధనతో చేతి వాడకాన్ని మెరుగుపరచుకున్నారు. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. అయితే మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా కదిలేవారికే ఈ పద్ధతి పనికొస్తుంది.

ఎన్ని రోజులు, ఎన్నిసార్లు

"ఎప్పటికి నడుస్తది సారూ?" ప్రతి ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఇది. దీనికి శాస్త్రం దగ్గర కొంత జవాబుంది.

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనం తొలి 72 గంటల్లో రెండే సంగతులు చూసింది. ఆసరా లేకుండా ముప్పై సెకన్లు కూర్చోగలగడం ఒకటి, పడిపోయిన కాలులో కాస్తయినా కదలిక ఉండటం రెండోది. రెండూ ఉన్నవారు ఆరు నెలలకు సొంతంగా నడిచే అవకాశం 98 శాతం. రెండూ లేనివారికి 27 శాతం. ఆ 27 శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. మొదటి మూడు రోజుల్లో ఆ రెండూ లేనివారిలో కూడా నలుగురిలో ఒకరు నడిచారు.

1995లో వెలువడిన కోపెన్‌హాగన్ అధ్యయనం 1197 మందిని గమనించింది. నూటికి తొంభై అయిదుగురు తాము చేరగల మెరుగైన స్థితికి పన్నెండున్నర వారాల్లో చేరుకున్నారు. తేలికపాటి పక్షవాతమైతే ఎనిమిదిన్నర వారాలు, అతి తీవ్రమైనదైతే ఇరవై వారాలు. మూడు నెలల తర్వాత తలుపు మూసుకుపోతుందని దీని అర్థం కాదు. టాబ్ పద్ధతి ఆ తర్వాత కూడా ఫలితమిచ్చింది. కానీ నేల పదునుగా ఉన్నది ఆ మొదటి మూడు నెలల్లోనే. విత్తనం వేసే అదను పోగొట్టుకుని, చేనుకు తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా పంట అంతంత మాత్రమే.

మరి ఎంత సాధన? జంతువుల ప్రయోగాల్లో మెదడు పటం మారడానికి ఒక్కో విడతలో నాలుగు వందల నుంచి ఆరు వందల సార్లు చెయ్యి చాపించారు. 2009లో కాథరిన్ లాంగ్ బృందం అమెరికా, కెనడాల్లోని చికిత్సా కేంద్రాల్లో కూర్చుని లెక్కపెడితే, ఒక విడతలో రోగి పడిపోయిన చేత్తో పనికొచ్చే కదలికలు చేసింది సగటున 32 సార్లు. డబ్బూ, పరికరాలూ ఉన్న దేశాల్లోనే అంత తేడా. వారానికి ఒకసారి ఆటో కట్టించుకుని పట్నం పోయి అరగంట వ్యాయామం చేస్తే సరిపోదని ఈ రెండు అంకెలే చెబుతాయి. లెక్క నిండాలంటే సాధన ఇంట్లో, రోజూ, పనుల మధ్యే జరగాలి.

ఆ పనులకు మన ఊళ్లలో కొదవ లేదు. మక్కజొన్న కంకి నుంచి గింజలు ఒలవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, కాయ నుంచి పత్తి లాగడం, చెంబుతో నీళ్లు పోయడం, చీర మడత పెట్టడం. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఉలితో నగిషీ చెక్కిన చేతికి, రబ్బరు బంతి పిసకడం కంటే ఉలి పట్టుకోవడం అర్థవంతమైన సాధన. మోకు వేసి తాళ్లెక్కిన గౌడన్న మళ్లీ చెట్టెక్కలేకపోవచ్చు గానీ మోకు ముడి వేయడం వేళ్లకు మంచి పని. భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసిన కార్మికుడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం, టిఫిన్ డబ్బా మూత తిప్పడం రోజువారీ లక్ష్యాలు కాగలవు. చేతికి తెలిసిన పని ఇస్తే మెదడు దాన్ని పాత జ్ఞాపకాల్లో వెతుక్కుంటుంది, మనిషికి కూడా చేయాలన్న పట్టుదల వస్తుంది.

ఇంట్లో ఉన్న అద్దం కూడా పనికొస్తుంది. పోయిన చెయ్యి ఇంకా ఉన్నట్టే నొప్పి పెడుతోందనే వారి కోసం వి.ఎస్. రామచంద్రన్ మొదలుపెట్టిన అద్దం పద్ధతిని 1999 నుంచి పక్షవాతంలోనూ పరీక్షించారు. రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, మంచి చేతిని కదిలిస్తూ దాని ప్రతిబింబాన్ని చూస్తే, పడిపోయిన చెయ్యి కదులుతున్నట్టు కనిపిస్తుంది. మామూలు వ్యాయామంతో కలిపి చేస్తే చేతి కదలిక కొంత మెరుగుపడుతుందని తర్వాతి పరీక్షలు చూపాయి.

తొందరపాటు మాత్రం కూడదు. 2015లో అయిదు దేశాల్లో 2104 మందితో చేసిన పరీక్షలో, మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువ ఎక్కువ నడిపించిన వారిలో మంచి ఫలితం 46 శాతానికి దక్కితే, మామూలు పద్ధతిలో లేపినవారిలో 50 శాతానికి దక్కింది. మొదట్లో కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు లేపాలి. ఆ తర్వాత రోజురోజుకూ పెంచుకుంటూ పోవాలి.

రెండు భాషల అవ్వ

మన అవ్వకు ఇంట్లో లంబాడీ మాట, సంతలో తెలుగు. బడికి పోలేదు. ఇలాంటివారి గురించి ప్రపంచానికి ముఖ్యమైన సంగతి చెప్పింది హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి. సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్, వారి సహచరులు అక్కడ నమోదైన 608 మంది పక్షవాతం రోగులను పరిశీలించి 2015 చివర్లో ఫలితాలు ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం తర్వాత జ్ఞాపకం, ఆలోచన, ధ్యాస మామూలుగానే ఉన్నాయి. ఒకే భాష వచ్చినవారిలో ఇది 19.6 శాతమే. జీవితమంతా రెండు భాషల మధ్య మారుతూ ఉండటం మెదడుకు ఒక నిల్వ ధాన్యం లాంటిదని, కరువొచ్చినప్పుడు అది ఆదుకుంటుందని పరిశోధకుల భావన. మాట పడిపోయే అవకాశంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు.

లంబాడీ, కోయ భాషలు మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉన్న మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు ఈ పరిశోధన నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. మాట సాధన ఏ భాషలో చేయించాలి? ఆమె ఇంట్లో వాడే భాషలో. "నీళ్లు" అనలేని అవ్వ "పాణి" అనగలదేమో చూడాలి. మాట రానంత మాత్రాన బుద్ధి పోయిందని అనుకోకూడదు. చాలామందికి ఎదుటివాళ్ల మాట అర్థమవుతూనే ఉంటుంది, బదులు మాత్రం పెదవి దాటదు. మనిషి ముందే ఆమె చావు బతుకుల గురించి, ఖర్చు గురించి మాట్లాడుకోవడం ఎంత గాయపరుస్తుందో ఒక్కసారి ఆలోచించాలి.

మాట రానివారిలో కొందరు పాట పాడగలరు. రాగం, లయ మెదడు కుడి భాగం సాయం కూడా తీసుకుంటాయి. దీని మీద ఆధారపడి 1970లలో అమెరికాలో ఒక చికిత్సా పద్ధతే పుట్టింది. చిన్నప్పటి నుంచి వచ్చిన బతుకమ్మ పాటో, తండాలో పెళ్లిళ్లకు పాడే పాటో పక్కన కూర్చుని ఎత్తుకుంటే అవ్వ పెదవులు కదలొచ్చు. అక్కడి నుంచి చిన్న మాటలకు దారి వేయొచ్చు.

ఇంట్లో రోజువారీ సంగతులు

ఇల్లే వార్డుగా మారినప్పుడు తెలుసుకోవాల్సినవి కొన్నే, కానీ ఒక్కటీ వదలడానికి లేదు.

పడిపోయిన రెక్క పట్టి గుంజొద్దు. మనిషిని లేపేటప్పుడు చేయి పట్టి లాగడం మనకు అలవాటు. పక్షవాతంలో భుజం చుట్టూ కండరాలు వదులైపోయి, కీలును పట్టి ఉంచే బలం ఉండదు. ఒక్క గుంజుకే భుజం జారి, నెలల తరబడి నొప్పి మిగులుతుంది. ఆ నొప్పితో వ్యాయామమే ఆగిపోతుంది. నడుము చుట్టూ చేయి వేసి, భుజం వెనక నుంచి ఆసరా ఇచ్చి లేపాలి. పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టాలి.

తినిపించే ముందు లేపి కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. పక్షవాతం తర్వాత ప్రాణాలు తీసే కారణాల్లో ఇది పెద్దది. నీళ్లు తాగినప్పుడు పొలమారినా, దగ్గు వచ్చినా, గొంతు తడితడిగా గరగరలాడినా మింగే శక్తి దెబ్బతిన్నట్టే. పల్చటి నీళ్ల కంటే చిక్కటి అంబలి, మెత్తటి అన్నం చాలామందికి తేలిక. చిన్న చెంచా, ఒక్కో ముద్ద తర్వాత విరామం. పొలమారడం ఆగకపోతే డాక్టరుకు చూపించాలి.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నడుము కింది ఎముక, మడమ, తుంటి దగ్గర పుండ్లు పడితే మానడానికి నెలలు పడుతుంది. నులక మంచం మధ్యలో గుంట పడుతుంది కాబట్టి మనిషి ఒరిగిపోతుంది, లేవడమూ కష్టం. దాని మీద చెక్క వేసి పరుపు పరచాలి. మంచం ఎత్తు మోకాలి ఎత్తుకు రావాలంటే కోళ్ల కింద ఇటుకలు పెడితే చాలు. ఎత్తు సరిపోతే కూర్చున్న మనిషి లేచి నిలబడటం సగం తేలికవుతుంది.

బహిర్దేశ కోసం గొంతుక్కూర్చోవడం ఆమెకు సాధ్యం కాదు. కమోడ్ కుర్చీ కొనలేకపోతే గట్టి ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంధ్రం కోయించినా పని జరుగుతుంది. చేతికర్ర మంచి చేతిలోనే పట్టుకోవాలి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు.

ఇక కంటికి కనిపించనిది మనసు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మంది ఏదో ఒక దశలో కుంగుబాటుకు లోనవుతారు. తిండి మీద ఇష్టం లేకపోవడం, వ్యాయామం వద్దనడం, రాత్రంతా మేలుకోవడం మొండితనం కాదు, జబ్బులో భాగమే. దీనికి మందులున్నాయి, మాట సాయం ఉంది. చూసుకునే మనిషికీ ఇదే వర్తిస్తుంది. కోడలో, భార్యో, బిడ్డో కూలి మానుకుని, నడుం నొప్పి ఓర్చుకుంటూ, రాత్రి నాలుగుసార్లు లేస్తూ ఈ పనంతా మోస్తుంది. ఆమెకు వారంలో ఒక పూట సెలవు ఇప్పించడం కూడా చికిత్సలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంటివాళ్లకు నేర్పితే సరిపోతుందా

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. ఫిజియోథెరపిస్టులు తక్కువ, ఇంట్లో మనుషులు ఎక్కువ. ఇంటివాళ్లకే వ్యాయామాలు నేర్పి పంపితే సమస్య తీరదా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన పెద్ద పరీక్ష మన దేశంలోనే జరిగింది. దాని పేరు అటెండ్. లూధియానాకు చెందిన జయరాజ్ పాండియన్, సిడ్నీకి చెందిన రిచర్డ్ లిండ్లీ నాయకత్వంలో దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1250 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టులో మామూలు వైద్యంతో పాటు ఇంటి మనిషికి ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి, ఇంటికి వెళ్లాక కూడా కొన్నిసార్లు వచ్చి చూశారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవారు లేదా ఇతరుల మీద ఆధారపడినవారు ఒక జట్టులో 47 శాతం, రెండో జట్టులోనూ 47 శాతం.

ఈ ఫలితం చాలామందిని నిరాశపరిచింది. నాకు మాత్రం ఇందులో నిజాయితీ గల హెచ్చరిక కనిపిస్తుంది. మన ఇళ్లలో కుటుంబం ఇప్పటికే చేయగలిగినంతా చేస్తోంది. ఆ భుజాల మీద ఇంకొంచెం బరువు పెట్టి, నిపుణుల కొరతను దాంతో పూడ్చేశామనుకోవడం కుదరదు. ఇంటివాళ్లకు నేర్పాలి. రెక్క గుంజకుండా లేపడం తెలిస్తే ఒక భుజం నిలుస్తుంది, కూర్చోబెట్టి తినిపిస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. కానీ ఆ నేర్పు నెలల తరబడి పనిచేయాలంటే వెనక ఎవరో ఉండాలి. గత వారం తప్పుగా చేసింది ఈ వారం సరిదిద్దే చేయి, కొత్త మెట్టు చూపించే కన్ను కావాలి.

మధ్యలో ఉండాల్సిన మెట్లు

ఆసుపత్రి మంచానికీ ఇంటి మంచానికీ మధ్య ఇతర సమాజాలు కొన్ని మెట్లు కట్టుకున్నాయి. జపాన్ 2000లో కోలుకునే వార్డులను మొదలుపెట్టింది. ప్రమాదం గడిచిన పక్షవాతం రోగి అక్కడ 150 రోజుల దాకా, జ్ఞాపకశక్తి వంటివి కూడా దెబ్బతింటే 180 రోజుల దాకా ఉండి రోజూ సాధన చేయొచ్చు. అదే ఏడాది వృద్ధుల దీర్ఘకాల సంరక్షణకు బీమా కూడా తెచ్చింది. ఐరోపాలో కొన్ని దేశాలు తేలికపాటి పక్షవాతమైతే రోగిని త్వరగా ఇంటికి పంపి, నిపుణుల బృందాన్నే ఆ ఇంటికి పంపిస్తాయి.

మనకు దగ్గరి దారి చూపింది కేరళ. మలప్పురం ప్రాంతంలో ఊరి మనుషులే వాలంటీర్లై మంచాన పడ్డవారి ఇళ్లకు నర్సులతో కలిసి వెళ్లే పద్ధతి పాతికేళ్ల కిందట మొదలైంది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విధానంగా స్వీకరించింది. కేన్సర్ కోసం మొదలైన ఆ సేవ పక్షవాతంతో మంచం పట్టినవారికీ అండగా నిలిచింది.

తెలంగాణలోనూ ఆ విత్తనం పడింది. ప్రభుత్వం పాలియేటివ్ కేర్ కేంద్రాలు ప్రారంభించినప్పుడు తొలి విడత జిల్లాల్లో జనగామ ఒకటి. ఈ కేంద్రాల నుంచి "ఆలన" పేరుతో వాహనాలు ఇళ్లకు వెళ్తాయి. పాలియేటివ్ అనగానే చావుకు దగ్గరైనవారికి చేసేదని చాలామంది భయపడతారు. దాని అసలు అర్థం బాధను తగ్గించడం. పక్కపుండుకు కట్టు కట్టడం, మూత్రం గొట్టం మార్చడం, బిగుసుకుపోతున్న మోకాలిని సాగదీయడం, ఇంటివాళ్ల దుఃఖం వినడం. ఎప్పటికీ మంచం దిగలేనివారికి ఇది గౌరవంగా బతికే హక్కు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలుగా ఏర్పడినప్పుడు ఈ మూడింటికీ పెద్దాసుపత్రి అంటే వరంగల్ ఎం.జి.ఎం.నే. మహదేవ్‌పూర్, కాళేశ్వరం వైపు నుంచి దానికి వంద కిలోమీటర్లకు పైనే. ఆ తర్వాత 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. భూపాలపల్లిలో సింగరేణి కార్మిక కుటుంబాలకు కంపెనీ ఆసుపత్రి ఉంది. పల్లె దవాఖానాలు, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఊళ్లలో ఉన్నారు. ఇన్ని ఉన్నప్పుడు వీటిని ఒక వరసలో కలపడం అసాధ్యమేమీ కాదు. ప్రతి వైద్య కళాశాల ఆసుపత్రిలో కోలుకునేవారికి కొన్ని మంచాలు, డిశ్చార్జి రోజునే ఊరి ఆశా కార్యకర్తకు కబురు, మొదటి మూడు నెలలు వారం వారం ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు, ఆ తర్వాత మంచాన మిగిలినవారికి ఆలన. నేను కోరుకునే గొలుసు ఇది.

రెండోసారి రాకుండా

ఎంత కోలుకున్నా రెండో పక్షవాతం వస్తే అంతా మళ్లీ మొదటికొస్తుంది. అమెరికా లెక్కల్లో ప్రతి నాలుగు పక్షవాతాల్లో దాదాపు ఒకటి అంతకుముందు వచ్చినవారికే వస్తోంది. 2001లో 6105 మందితో చేసిన అంతర్జాతీయ పరీక్షలో, రక్తపోటు తగ్గించే మందులు వాడినవారిలో రెండోసారి పక్షవాతం 28 శాతం తగ్గింది. బి.పి. గోళీలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. "ఇప్పుడు బాగనే ఉన్నది" అని ఆపేయడమే అసలు ప్రమాదం. రక్తపోటు పెరిగినా నొప్పి ఉండదు, కబురు పెట్టదు. పచ్చళ్లలో ఉప్పు, బీడీ, చుట్ట, గుడుంబా మానడం కూడా ఈ మందులో భాగమే.

ఈ దారిలో పక్కదారులూ ఉన్నాయి. పావురం రక్తం రాస్తే చేతులు లేస్తాయని ఎన్నో ఊళ్లలో నమ్మకం. దానివల్ల కండరానికీ, మెదడుకూ ఏ మేలూ లేదు. నరాలకు బలమంటూ ఇచ్చే సిటికోలిన్ మందును 2298 మంది మీద పరీక్షించి 2012లో ప్రకటించిన ఫలితాల్లో అదనపు ప్రయోజనం కనిపించలేదు. అప్పు చేసి ఇంజెక్షన్లు కొనే బదులు ఆ డబ్బు ఆటో ఖర్చుకో, కమోడ్ కుర్చీకో, గుడ్లకో పెడితే అవ్వకు నిజంగా పనికొస్తుంది.

వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువని వైకల్య నిర్ధారణ క్యాంపులో ధ్రువపత్రం వస్తే ప్రభుత్వ పింఛను దొరుకుతుంది. 2023 జూలైలో వికలాంగుల పింఛను నెలకు 4016 రూపాయలకు పెరిగింది. కూలి మానుకున్న కోడలికి ఇది పూర్తి సమాధానం కాదు గానీ మందులకూ, పాలకూ ఆసరా. ఆ పత్రం కోసం క్యాంపుకు తీసుకుపోవడంలో ఊరి సర్పంచి, యువకులు తోడుంటే అదీ చికిత్సే.

ఏడు అడుగులు

మన అవ్వ దగ్గరికి తిరిగి వెళ్దాం. మొదటి వారం చెక్క వేసిన మంచం మీద, దిండు ఆనించి కూర్చుంది. మూడో వారం కోడలు నడుము పట్టుకుంటే నిలబడింది. రెండో నెలలో ఎడమ చేతికి పాత గుడ్డ చుట్టి, కుడి చేత్తో మక్క గింజలు ఒలిచింది. మొదటి రోజు నాలుగు గింజలే. వాటిని కోడలు విడిగా గిన్నెలో దాచింది. వారం వారం వచ్చిన ఫిజియోథెరపిస్టు కర్ర ఎత్తు సరిచేసి, కాలు ఈడ్వకుండా ఎత్తి వేయడం చూపించాడు. మూడో నెల చివర ఆమె మంచం దిగి, ఏడు అడుగులు వేసి, గడప దగ్గర ఆగింది. మంచి కాలు ముందు ఎత్తి గడప దాటింది.

ఈ కథ ఇలాగే జరగడానికి కొత్త మందేదీ కనిపెట్టనక్కర్లేదు. అవ్వ ఏడు అడుగులు వేసి గడప దాటాలంటే, అంతకుముందు వారం వారం ఒక మనిషి బయటి నుంచి వచ్చి అదే గడప దాటి ఆమె మంచం దాకా రావాలి.